అరకు వెళ్ళిన తోలు సంచులు

నేను తోలు కోయలేదు, కుట్టలేదు. ఆటోనగర్‌లోని ఒక చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడి నుంచే రిటైరయ్యాను. కోసినవాళ్ళూ కుట్టినవాళ్ళూ వేరు. వాళ్ళు చేసిన సరుకు చూసి, కొలిచి, పెట్టెల్లో సర్దించి లారీ ఎక్కించడం నా పని. ఇప్పుడు మా కాలనీలో ఏదో ఒక వర్క్‌షాప్ పెట్టుకుందామనుకునే కుర్రాళ్ళు వచ్చి, మీరు చేసిన పెద్ద ఆర్డర్ ఏది సార్ అని అడుగుతుంటారు. పెద్ద ఆర్డర్లేవీ నాకు గుర్తులేవు. అవి వచ్చాయి, వెళ్ళాయి. గుర్తున్నది ఒక చిన్న ఆర్డర్. అది తిరిగి వచ్చింది కాబట్టి గుర్తుంది.

మా యూనిట్‌లో ఎక్కువగా వెల్డర్ల చేతి తొడుగులు, ఏప్రన్లు తయారయ్యేవి. అవన్నీ మిషన్ కుట్టే. మిషన్ల వరసకు అవతల, కిటికీ పక్కన, ఒక పొడవాటి చెక్క బల్ల ఉండేది. దాన్ని చేతి బల్ల అనేవాళ్ళం. పోర్టులో క్రేన్ల మీదికెక్కి పనిచేసే రిగ్గర్లు నడుముకు కట్టుకునే పనిముట్ల సంచులు ఆ బల్ల మీదే పుట్టేవి. పైనుంచి ఒక స్పానర్ జారితే కింద మనిషి ఉంటాడు. అందుకని రిగ్గర్లు మిషన్ కుట్టును నమ్మేవారు కాదు. మిషన్ కుట్టులో ఒక పోగు తెగితే వరసంతా ఊడివస్తుంది. చేతి కుట్టుకు ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరి వస్తాయి. ఒక చోట తెగినా పక్క కుట్టు వదలదు.

ఆ బల్ల దగ్గర కూర్చునేది వన్‌టౌన్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పెద్దాయన. వాళ్ళ తాతలు గుర్రాలకు జీన్లు కుట్టేవారట. ఓనర్‌తో సహా అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. పక్కన నిలబడి తోలు కోసే అతను మాత్రం బావా అనేవాడు. అతనిది శ్రీకాకుళం వైపు పల్లె. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఎలా కుదిరిందని ఒకసారి అడిగితే, "ఒకే తోలు నాను కోత్తాను, ఆయన కుడతాడు. ఇంతకన్నా సుట్టరికం ఏటుంటాది" అన్నాడు. భాయ్ కాదనలేదు.

కొన్నేళ్ళకు రిగ్గర్లు నైలాన్ బెల్టులకు మారారు. చేతి బల్లకు పని తగ్గింది. ఓనర్ గారు చెడ్డ మనిషి కాదు. కానీ చిన్న యూనిట్‌లో కిటికీ వెలుతురు పడే జాగా అంటే మాటలు కాదు. ఒక రోజు భాయ్ వింటుండగానే నాతో చెప్పారు. ఈ సీజన్‌లో చేతి బల్లకు నికరమైన కొత్త పార్టీ దొరికితే బల్ల ఉంటుంది, లేకపోతే అక్కడ ప్రెస్ మిషన్ వస్తుంది, భాయ్‌ని ప్యాకింగ్‌లో వేద్దాం అని. ప్యాకింగ్ అంటే పెట్టెలకు టేపు వేసే పని.  ఆ పూట భాయ్ చేతిలో ఉన్న సంచిని ఎప్పుడూ లేనంత నెమ్మదిగా కుట్టారు.

కొత్త పార్టీ తనంతట తనే వచ్చింది. కరోనా తరవాత కొండల్లో టెంట్లు వేసి మనుషులను నడకకు తీసుకెళ్ళే క్యాంపులు బాగా పెరిగాయి. అరకు అవతల అలాంటి క్యాంపు నడిపే ఒక మేడం జీపు బాగుచేయించుకోవడానికి ఆటోనగర్ వచ్చి, టీ కొట్టు దగ్గర ఎవరో పాత రిగ్గర్ నడుముకున్న సంచి చూసి, అది ఎక్కడిదని అడుగుతూ మా గేటు దాకా వచ్చింది. టెంటు తాళ్ళను నేలకు బిగించే ఇనప మేకులు గుడ్డ సంచులను పొడిచేస్తున్నాయని, నైలాన్‌వి రాళ్ళకు రాసుకుని ఒక్క సీజన్‌కే చిరుగుతున్నాయని చెప్పింది. ఆవిడకు రెండు రకాలు కావాలి. మేకులు, సుత్తి పట్టే పొడవాటి సంచి ఒకటి. గైడ్లు నడుముకు కట్టుకోవడానికి కత్తి, లైటర్, దిక్సూచి, విజిల్ పట్టే చిన్న పౌచు ఒకటి.

భాయ్ ఆవిడ చేత ఒక సుత్తి, నాలుగు మేకులు, ఒక మడత కత్తి బల్ల మీద పెట్టించుకుని పంపించేశారు. కాగితం మీద కొలతలు ఆయనకు నచ్చవు. తంగేడు బెరడుతో పదును చేసిన మందపాటి తోలు తీసి, నీళ్ళలో తడిపి, కత్తి చుట్టూ చుట్టి, గుడ్డ పీలికతో బిగించి, నీడన ఆరబెట్టారు. ఆరిన తోలుకు కత్తి ఆకారం వచ్చేసింది. తరవాత చెప్పులు కుట్టేవాళ్ళు వాడే ఆరెతో వరసగా రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టి, అంచులను తడి గుడ్డతో నున్నగా రుద్దారు. గుండీ లేదు, జిప్పు లేదు. మూత మీదుగా ఒక తోలు పట్టీ వచ్చి చీలికలో దూరుతుంది, అంతే. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా తీయగలగాలన్నది ఆయన లెక్క. మేడం ఆ నమూనాలు పట్టుకెళ్ళి గైడ్లకు చూపించి, రెండో రోజే ఫోన్ చేసి ఆర్డర్ ఖాయం చేసింది. చలికాలం రద్దీ మొదలయ్యేలోగా కావాలంది.

సరుకంతా తయారయ్యాక భాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. కొండ మీద పొగమంచు, తెల్లవారుజామున మంచు నీళ్ళు. తోలు తడుస్తుంది, ఎండుతుంది, బిరుసెక్కి పగులుతుంది. రిగ్గర్ల సంచులకు ఉప్పు గాలి తగలకుండా ఆయన ఎప్పుడూ ఒక నూనె పట్టించేవారు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెప్పించిన సొర చేప నూనె. ఎండలో కాస్త వేడెక్కనిచ్చి, అరచేత్తో రుద్ది, ఒక రోజు వేలాడదీసి, మళ్ళీ రుద్దేవారు. నమూనాలకు ఆ నూనె పెట్టలేదు, మేడం ఆరీ ఆరకుండానే పట్టుకుపోయింది కాబట్టి. ఆర్డర్‌లో నూనె ఊసు లేదు. భాయ్ అడగకుండానే అన్నిటికీ రెండేసి పూతలు పట్టించారు. సంచులు తేనె రంగు తిరిగి మెరిశాయి. నేను ఒక్కొక్కటీ వంచి చూసి, ఎక్కడా గీత పడలేదని మెచ్చుకుని, పెట్టెల్లో వేయించాను. చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజు "భాయ్ శ్రద్ధ చూసి నేర్చుకోవాలి" అని రాసుకున్నాను.

సరుకు చేరిన వారానికి మేడం ఫోన్ చేసింది. బోలెడు పొగడ్తలు వస్తాయనుకుని, అందరూ వినాలని స్పీకర్ పెట్టాను.

"మీ సంచులు కుక్కలు ఎత్తుకుపోతున్నాయండి" అంది.

తోలు కోసే అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. క్యాంపు కుక్కలు పొద్దున్నే మేకుల సంచిని మేకులతో సహా లాక్కుపోయి వాగు గట్టున పెట్టాయట. ఒక పౌచు మూతను ఎలుకలు కొరికాయట. అన్నిటికన్నా కష్టం, చలిమంట దగ్గర గైడ్ పక్కన గెస్టులెవరూ కూర్చోవడం లేదట. వాసన అంది. చేపల బజారు మొత్తం కొండెక్కి వచ్చినట్టుంది అంది. మా యూనిట్‌కు వచ్చినప్పుడే ఆ వాసన తనకు తగిలిందని, ఆటోనగర్ అంతా అలాగే ఉంటుందేమో అనుకున్నానని కూడా అంది.

ఫోన్ పెట్టేశాక, మిగిలి ఉన్న ఒక పౌచును అందరం వరసగా వాసన చూశాం. నాకు తోలు వాసన వచ్చింది. తోలు కోసే అతను కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, తోలు వాసనేనన్నాడు. ఓనర్ గారు ఆఫీసు గది నుంచి వచ్చి చూసి, తనకూ ఏమీ తెలియడం లేదన్నారు. మిషన్ల దగ్గరివాళ్ళదీ అదే మాట.

భాయ్ చివరిగా తీసుకుని, ముక్కుకు ఆనించి, బల్ల మీద పెట్టేశారు. "సేపేటి, వాసనేటి? నాకేటీ రావట్లేదు. ఆవిడికి మనసు మారిపోనుంటాది. ఆ వంక నా నూనె మీద ఎడతంది."

ఓనర్ గారు నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. సర్దిచెప్పగలిగితే సర్దిచెప్పమన్నారు. సరుకు కిందికి దిగివస్తే ఇక బల్ల సంగతి మాట్లాడుకోనక్కరలేదని నెమ్మదిగానే అన్నారు. నేనూ వస్తానన్నారు భాయ్. వాసన లేదని రుజువు చేయడానికి ఆ మిగిలిన పౌచును పాలిథిన్ కవర్లో గట్టిగా ముడివేసి, తన సంచి అడుగున పెట్టుకున్నారు.

అరకు రైలులో సొరంగాలు వస్తుంటే పర్యాటకులు కేకలు వేస్తున్నారు. భాయ్ ఏమీ చూడలేదు. దారంతా, ఆవిడ ముందు ఏం మాట్లాడాలో నాతో చెప్పి చూసుకున్నారు. మంచి మంచి మాటలే అనుకున్నారు. అవేవీ వాడుకునే అవసరం పడలేదు. మేడం మాతో వాదనకే దిగలేదు. సంచులన్నీ టెంట్లకు దూరంగా ఒక రేకుల షెడ్డులో వేసి తాళం పెట్టింది. తీసి చూపించమని భాయ్ అడిగితే ఇప్పుడు కాదంది.

"రెండు రోజులుండండి భాయ్. తినండి, తిరగండి. తరవాత తాళం మీకే ఇస్తాను. మీరేం చెప్తే అదే" అంది.

భాయ్‌కి ఒళ్ళు మండింది. మనల్ని ఆడిస్తోంది సారూ అన్నారు నాతో. అయినా చేసేదేమీ లేక తిరిగాం. కాఫీ తోటల్లో పండిన కాయలు కోస్తున్నారు. చెట్ల నీడలో నేల ఎప్పుడూ తడిగా ఉంది. మొదటి రోజు ఆయన గైడ్ల బూట్లు, బెల్టులు చూసి తప్పులు పట్టారు. రెండో రోజు మధ్యాహ్నం దారిలో ఆగిపోయారు. "సారూ, ఈ మట్టికి వాసనొత్తంది" అన్నారు. నేను పీల్చి చూశాను. నిజమే. కాసేపటికి కట్టెల పొగ తెలిసింది, ఎవరో వలుస్తున్న నారింజ తొక్క తెలిసింది. ముక్కు ఒకటి ఉందని ఆ వయసులో కొత్తగా తెలిసినట్టు తిరిగాం.

ఆ మర్నాడు పొద్దున్న మంట దగ్గర కూర్చుని ఉన్నాం. క్యాంపు కుక్కలు మూడు మంటకు అవతల ముడుచుకుని పడుకున్నాయి. చలిగా ఉందని భాయ్ తన సంచిలోంచి శాలువా లాగబోయి, చేయి అలాగే ఉంచేశారు. శాలువా పక్కన పెట్టి, అడుగు నుంచి పాలిథిన్ కవరు తీశారు. ముడి విప్పారు.

మూడు కుక్కలూ లేచి నిలబడ్డాయి.

భాయ్ కుక్కల వైపు చూశారు. కుక్కలు పౌచు వైపు చూశాయి. అప్పటికే నాకూ తెలిసింది. హార్బర్‌లో చేపల వేలం అయిపోయాక నీళ్ళు కొట్టని నేల మీద ఉండే వాసన అది. ఆయన కవరు మళ్ళీ ముడివేసి, తన అరచేయి వాసన చూసుకున్నారు. తరవాత చొక్కా చేతిమడత. తరవాత శాలువా.

"సారూ, బస్సులో నా పక్కన కూకున్నోల్లు లేసి ముందుకెలిపోతారు" అన్నారు చివరికి. "నా గెడ్డం సూసి, నా పని తెలిసి, అలా పోతన్నారనుకునీవోన్ని. మనసులో సానా తిట్టుకున్నాను."

నేను మంటలో ఒక పుల్ల వేశాను. ఆయనే మళ్ళీ అన్నారు. "అందరూ నూనికే లేసుండర్లే. కొంతమంది గెడ్డం సూసే లేసుంటారు. కానీ కొంతమందిని ఊరికే తిట్టీసినాను. ఎవులు దేనికి లేసినారో ఇప్పుడెలా తెలుత్తాది?"

అని నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అందులో కోపం మాత్రం లేదు.

మేడం తాళం తెచ్చేలోగా నేను ఆయన్ని పక్కకు పిలిచాను. సరుకు వెనక్కి తీసుకెళ్తే కిందకు దిగేసరికి బల్ల ఉండదని గుర్తుచేశాను. కొన్నాళ్ళు ఎండలో పెడితే ఘాటు తగ్గుతుందని చెబుదాం, అది అబద్ధం కూడా కాదు, ఈ సీజన్ గడిచిపోతుంది అన్నాను. సూపర్‌వైజర్‌గా అది నా ధర్మమనే అనుకున్నాను.

"నాను కుట్టింది కుక్కలు మొయ్యడమేటి సారూ" అన్నారు భాయ్.

షెడ్డు తలుపు ఆయనే తీశారు. మేడంతో మాట్లాడింది కూడా ఆయనే. తోలు తాగిన నూనె మళ్ళీ బయటికి రాదని, కడిగినా లాభం లేదని, సరుకంతా తీసుకుపోయి కొత్తగా కుట్టి పంపుతానని చెప్పారు. మంచుకు నూనె బదులు ఏం పెడతారని ఆవిడ అడిగింది. ఈ కొండ తేనెపట్టు మైనం ఇప్పించమన్నారు. ఆవిడ సంతలో కొన్న మైనం ముద్దలు ఒక డబ్బాలో పెట్టి ఇచ్చి, క్రిస్మస్ సెలవులకు జనం వస్తారు, అప్పటికి లేకపోతే నాకు నైలాన్ సంచులే గతి అంది. దాచకుండా చెప్పింది. అది నాకు నచ్చింది.

సంచులన్నీ ఒక అద్దె వ్యాన్‌లో వేసుకుని ఘాట్ దిగాం. అద్దాలన్నీ దించి, చలికి వణుకుతూ, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. డ్రైవర్ రెండుసార్లు బండి ఆపి దిగిపోయాడు. శృంగవరపుకోట దగ్గర కొంచెం ఫర్వాలేదనిపించింది. గోపాలపట్నం వచ్చేసరికి వాసన పోయింది. పోయింది సంచులది కాదు, మా ముక్కులది. భాయ్‌తో ఆ మాట అంటే, "అయితే ఇంక నా ముక్కుని నమ్మీది నేదు" అన్నారు.

ఓనర్ గారు దిగిన పెట్టెలను చూసి ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. నెలాఖరుకు ప్రెస్ మిషన్ బిగించే మనుషులను రమ్మని ఫోన్ చేశారు. తోలు కోసే అతను పెట్టె ఒకటి విప్పి, పౌచు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హార్బర్‌కి తోలీద్దుం బావా. అక్కడోల్లకి దీని వాసనేటి తెలుత్తాది?"

ఆ మాట నాకు గానీ భాయ్‌కి గానీ దారంతా తట్టలేదు. మర్నాడే ఆటోలో పెట్టెలు వేసుకుని ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళాం. బోటు మనుషులు కత్తులకు, వల అల్లే సూదులకు పౌచులు తీసుకున్నారు. పొడవాటి సంచులు ఇంజన్ స్పానర్లకు సరిపోయాయి. ఒకాయన మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, మంచి తోలండీ అన్నాడు. భాయ్ నా వైపు చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. ఎలుకలు కొరికినవి, కుక్కలు నమిలినవి మాత్రం మిగిలిపోయాయి. ఖాళీ పెట్టెలు వెనక్కి వచ్చాక ఓనర్ గారు రెండో విడతకు తోలు ఇచ్చారు. ప్రెస్ మనుషులను మాత్రం వద్దనలేదు. ఈసారి సరుకు కొండ మీద నిలబడితే అప్పుడు చూద్దామన్నారు.

వర్క్‌షాప్ పెట్టుకుంటామని వచ్చే కుర్రాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ షెడ్డులో కూడా ఒక వాసన ఉంటుంది. అది మీలో ఎవరికీ తెలియదు. అందరూ కలిసి పీల్చి చూసి, ఏమీ లేదని ఏకాభిప్రాయానికి వస్తారు. మేము వచ్చాం. అందులో నిజాయితీకి లోటేమీ లేదు, ముక్కుకే లోటు. బయటి మనిషి ముఖం చిట్లించిన రోజు అతని మనసును అనుమానించకండి. ముందు ఒక రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రండి.

భాయ్ రెండో విడత కుట్టడానికి ముందు బల్లను సబ్బు నీళ్ళతో కడిగించారు. నూనె డబ్బాను గేటు బయట పెట్టించారు. పనిలోకి వేరే చొక్కా తెచ్చుకుని వేసుకునేవారు. మైనం కరిగించి, గుడ్డతో పలచగా పట్టించారు. అయినా సరుకు మీద నన్ను సంతకం పెట్టనివ్వలేదు. నీ ముక్కూ నా ముక్కూ ఒకటే సారూ అన్నారు. రెండు సంచులు కట్టి, మేడం క్యాంపుకు కూరగాయలు తీసుకెళ్ళే బండికి ఇచ్చి పంపించి, ఒక రాత్రి మంట దగ్గర కుక్కల ముందు పడేసి చూడమని నా చేత ఫోన్ చేయించారు. ఆవిడ సరేనంది.

మర్నాడు పొద్దున్న ప్రెస్ మిషన్ మనుషులు వచ్చారు. కిటికీ దగ్గర నేల కొలవడానికి ఓనర్ గారు వాళ్ళను తీసుకుని లోపలికి వస్తున్నారు. భాయ్ బల్ల దగ్గర తల వంచుకుని ఒక పట్టీకి అంచు రుద్దుతున్నారు. లేవలేదు. అప్పుడే నా ఫోన్‌కు మేడం వాయిస్ మెసేజ్ వచ్చింది. అందరి ముందే పెట్టాను.

"భాయ్, రాత్రంతా మంట దగ్గరే ఉన్నాయి మీ సంచులు. ఇప్పుడే చూసొచ్చాను. కుక్కలు లేవలేదు. ఒకటైతే దాని మీదే తల పెట్టుకుని పడుకుంది. మిగతావన్నీ పంపించండి."

ఓనర్ గారు చేతిలో టేపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత వచ్చినవాళ్ళతో, గోదాం గోడ వైపు కొలవండి, అక్కడ పడుతుందేమో చూద్దాం అని చెప్పి అటు నడిచారు. తోలు కోసే అతను భాయ్ భుజం మీద ఒక్కటి వేసి తన కత్తి దగ్గరికి వెళ్ళిపోయాడు.

భాయ్ పట్టీ మీద నుంచి చూపు ఎత్తలేదు.

"ఆవిడ మాట ఇంకోపాలి ఎట్టు సారూ" అన్నారు.